రెండో ప్రపంచ యుద్ధాన్నీ హోలోకాస్ట్‌నీ ఒకే నోట్‌బుక్‌లో చదవడం ఎలా?

"మేడమ్, రెండో ప్రపంచ యుద్ధం చదవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతుంటారు. గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్ళు, హైస్కూలు పిల్లల తల్లులు, ఏదో సినిమా చూసి ఆ రాత్రి నిద్రపట్టనివాళ్ళు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకసారి వివరంగా రాయడమే మేలనిపించింది.

నేను హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. యుద్ధం నాలుగు పీరియడ్లలో చెప్పి, హోలోకాస్ట్‌కి, అంటే నాజీలు చేసిన యూదుల సామూహిక హత్యలకి, ఐదో పీరియడ్ పెట్టుకునేదాన్ని. ఒక సంవత్సరం చివరి బెంచీ నుంచి ఒక అబ్బాయి లేచి, "అంత పెద్ద యుద్ధం చేస్తూ ఇంతమందిని చంపడానికి వాళ్ళకి టైమ్ ఎక్కడిది మేడమ్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నా నోట్స్‌లో అవి రెండు వేరు వేరు పాఠాలు మరి. ఆ రాత్రి కొత్త నోట్‌బుక్ తీసి, పేజీ మధ్యలో గీత గీసి, రెండు పాఠాల తేదీల్నీ పక్కపక్కన రాసుకుంటూ పోయాను. జవాబు ఆ పేజీల్లోనే కనిపించింది. మీ చేత చేయించబోయేది కూడా అదే.

కావలసినవి

- 200 పేజీల పెద్ద నోట్‌బుక్ ఒకటి.
- రెండు రంగుల పెన్నులు, ఒక పెన్సిల్. మనుషుల సంఖ్యలన్నీ పెన్సిల్‌తోనే రాయండి, దిద్దుకోవాల్సి వస్తుంది.
- 1939కి ముందటి సరిహద్దులు చూపించే యూరప్ మ్యాప్. స్టేషనరీ షాపుల్లో దొరికే ఔట్‌లైన్ మ్యాప్‌లో ఇప్పటి దేశాలు ఉంటాయి. అదొక్కటే దొరికితే పాత సరిహద్దుల్ని నెట్‌లో చూసి పెన్సిల్‌తో గీసుకోండి. ఇవాళ ఉక్రెయిన్‌లో ఉన్న ల్వీవ్ అప్పట్లో పోలండ్ నగరం. ఇది తెలియకపోతే లెక్కలన్నీ తికమకగా కనిపిస్తాయి.
- రోజుకి 40 నిమిషాలు, మూడు వారాలు.

ఒక జాగ్రత్త. పడుకునే ముందు ఇది చదవకండి. పిల్లలతో కలిసి చేస్తుంటే శవాల ఫొటోలు అస్సలు చూపించొద్దు. విషయం అర్థం కావడానికి వాటి అవసరం లేదు, పైగా ఆ మనుషులు అలా కనబడాలని కోరుకోలేదు. క్లాసులో పిల్లల్ని "మీరు నాజీలు, మీరు యూదులు" అని విడగొట్టి నటింపజేయడం కూడా వద్దు.

1. పేజీని రెండుగా విడగొట్టి 1933 నుంచి మొదలుపెట్టండి

ఎడమ వైపు "యుద్ధం" అనీ, కుడి వైపు "హింస, హత్యలు" అనీ రాయండి. ఒక్కో సంవత్సరానికి రెండు పేజీలు వదలండి. 1941, 1942లకు నాలుగేసి పేజీలు కావాలి.

చాలామంది 1939 సెప్టెంబర్ 1న మొదలుపెడతారు. అది పోలండ్ మీద జర్మనీ దాడి చేసిన రోజు, ఎడమ వరుసకి సరైన ఆరంభం. కుడి వరుస మాత్రం 1933 జనవరి 30న, హిట్లర్ జర్మనీ ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) అయిన రోజున మొదలవ్వాలి. ఆ తర్వాత ఇవి రాయండి:

- 1933 మార్చి: జర్మనీలో డాకౌ నిర్బంధ శిబిరం. మొదట అందులో వేసింది ఎక్కువగా కమ్యూనిస్టుల్ని, సోషల్ డెమోక్రాట్లని, అంటే రాజకీయ ప్రత్యర్థుల్ని.
- 1935 సెప్టెంబర్ 15: న్యూరెంబర్గ్ చట్టాలు. యూదులకి పౌరసత్వం పోయింది, యూదులు కానివాళ్ళతో పెళ్ళిళ్ళు నిషేధమయ్యాయి.
- 1938 జూలై: ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో 32 దేశాలు కూర్చుని శరణార్థుల గురించి మాట్లాడుకున్నాయి. దాదాపు ఎవరూ తలుపు తెరవలేదు.
- 1938 నవంబర్ 9-10: యూదుల ప్రార్థనా మందిరాలు తగలబెట్టారు, దుకాణాలు పగలగొట్టారు, సుమారు 30 వేల మంది యూదు మగవాళ్ళని శిబిరాలకి పంపారు.
- 1939 మే-జూన్: 937 మంది ప్రయాణికులున్న, ఎక్కువమంది యూదు శరణార్థులే ఉన్న సెయింట్ లూయిస్ ఓడ నుంచి క్యూబా దాదాపు ఎవర్నీ దిగనివ్వలేదు. అమెరికా, కెనడా కూడా రానివ్వలేదు. ఓడ యూరప్‌కి తిరిగొచ్చింది. వాళ్ళలో 254 మంది తర్వాత హత్యలకి బలయ్యారు.

ఈ ఆరేళ్ళకీ ఎడమ వరుసలో పెద్దగా రాయడానికేమీ ఉండదు. ఆ ఖాళీని అలాగే ఉంచండి.

2. మ్యాప్ మీద ముందు బతికున్న మనుషుల్ని గుర్తించండి

అందరూ ముందు శిబిరాల్ని గుర్తిస్తారు. మీరు ముందు ఊళ్ళని గుర్తించండి. 1933లో జర్మనీలో యూదులు సుమారు 5 లక్షలు, దేశ జనాభాలో ఒక శాతం కూడా కాదు. పోలండ్‌లో 1939 నాటికి సుమారు 33 లక్షలు. ఈ రెండు అంకెలూ మ్యాప్ మీద పెద్దగా రాయండి. యుద్ధానికీ హత్యలకీ ఉన్న ముడి ఇక్కడే మొదలవుతుంది. జర్మన్ సైన్యం తూర్పుకి జరిగేకొద్దీ లక్షల మంది యూదులు నాజీల చేతికి చిక్కారు. యుద్ధం లేకుండా ఆ మనుషులు వాళ్ళకి అందేవాళ్ళే కాదు.

ఆ తర్వాతే ఈ ఆరు హత్యా శిబిరాలకి చుక్కలు పెట్టండి: చెల్మ్నో, బెల్జెక్, సొబిబోర్, ట్రెబ్లింకా, మైదానెక్, ఆష్విట్జ్-బిర్కెనావ్. ఆరూ ఆక్రమిత పోలండ్ నేల మీదే ఉన్నాయి. అలాగని "పోలండ్ శిబిరాలు" అని రాయకండి. కట్టిందీ నడిపిందీ జర్మన్లు. "ఆక్రమిత పోలండ్‌లోని జర్మన్ శిబిరాలు" అని రాయాలి.

3. జంట తేదీలు నింపండి

మొత్తం పనిలో ముఖ్యమైనది ఈ మెట్టే, ఒక వారం దీనికే ఇవ్వండి. ముందు ఎడమ వరుసంతా నింపేసి తర్వాత కుడి వైపుకి రాకండి. ఒక్కో తేదీని జంటగా, అడ్డంగా రాయండి.

*1939-40.* ఎడమ: పోలండ్ ఓటమి, తర్వాత డెన్మార్క్, నార్వే, నెదర్లాండ్స్, బెల్జియం, ఫ్రాన్స్. కుడి: జర్మనీలోనే వికలాంగుల్నీ మానసిక రోగుల్నీ చంపే కార్యక్రమం. హిట్లర్ 1939 అక్టోబర్‌లో సంతకం చేసి, ఆ కాగితం మీద సెప్టెంబర్ 1 అని పాత తేదీ వేశాడు. సంతకం ఒక నెలది, తేదీ యుద్ధం మొదలైన రోజుది. దీన్ని అండర్‌లైన్ చేయండి. 1941 ఆగస్టు నాటికి సుమారు 70 వేల మందిని గ్యాస్‌తో చంపారు. ఇక్కడ పని నేర్చుకున్నవాళ్ళలో చాలామంది తర్వాత బెల్జెక్, సొబిబోర్, ట్రెబ్లింకాలు నడిపారు. కుడి వైపునే మరొకటి: 1940 నవంబర్‌లో పోలండ్ రాజధాని వార్సాలో గెట్టో (యూదుల్ని నిర్బంధించిన పేట) గోడలు మూసేశారు. 4 లక్షలకి పైగా జనాన్ని మూడున్నర చదరపు కిలోమీటర్లలో కుక్కారు.

*1941.* ఎడమ: జూన్ 22, సోవియట్ యూనియన్ మీద దాడి. కుడి: ఆ సైన్యం వెనకే నాలుగు ప్రత్యేక హంతక దళాలు, మొత్తం సుమారు 3 వేల మంది. వాళ్ళకి పోలీసు బెటాలియన్లు, సైన్యం, స్థానిక సహాయకులు తోడు. మొదటి వారాల్లో ఎక్కువగా మగవాళ్ళని కాల్చారు. వేసవి ముగిసేసరికి ఆడవాళ్ళని, పిల్లల్ని కూడా. సెప్టెంబర్ 19న కీవ్ నగరం జర్మన్ల వశమైంది (ఎడమ). పది రోజులకి, సెప్టెంబర్ 29-30 తేదీల్లో, నగరం అంచున బాబీ యార్ లోయలో 33,771 మంది యూదుల్ని కాల్చేశారు (కుడి). ఆ అంకె చంపినవాళ్ళ నివేదికలోదే.

డిసెంబర్ మొదటి వారాన్ని కూడా ఒకే గీత మీద రాయండి. డిసెంబర్ 5న మాస్కో ముందు సోవియట్ ఎదురుదాడి. 7న పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి. 8న చెల్మ్నోలో విషవాయువు వ్యాన్లతో హత్యలు ప్రారంభం. 11న అమెరికా మీద జర్మనీ యుద్ధ ప్రకటన.

*1942.* జనవరి 20న బెర్లిన్ శివారు వాన్సేలో 15 మంది అధికారులు గంటన్నరపాటు సమావేశమయ్యారు. యూదుల్ని చంపాలని నిర్ణయించింది ఆ రోజే అని చాలా గైడ్లలో ఉంటుంది. మీ నోట్‌బుక్ వెనక్కి తిప్పి చూడండి, అప్పటికే లక్షల మందిని చంపేశారు. వాన్సేలో జరిగింది శాఖల మధ్య సమన్వయం. మార్చి 17న బెల్జెక్‌లో, మే నెలలో సొబిబోర్‌లో, జూలై 23న ట్రెబ్లింకాలో హత్యలు మొదలయ్యాయి. జూలై 22 నుంచి సెప్టెంబర్ 21 వరకు వార్సా గెట్టో నుంచి సుమారు 2 లక్షల 65 వేల మందిని ట్రెబ్లింకాకి తరలించారు. అదే వేసవిలో ఎడమ వైపు జర్మన్ సైన్యం స్టాలిన్‌గ్రాడ్ వైపు వెళ్తోంది.

ఇక్కడ మన తేదీ ఒకటి చేర్చుకోండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ తరం వాళ్ళు మీ ఇంట్లో ఉండి ఉంటే, ఊరు వదిలి పల్లెలకి పోయిన కబుర్లు చెప్పే ఉంటారు. మనవాళ్ళు మూటాముల్లె సర్దుకుంటున్న ఆ రోజుకి బెల్జెక్‌లో హత్యలు మొదలై మూడు వారాలు. ఆసియా యుద్ధం నుంచి ఈ నోట్‌బుక్‌లో మరీ ఎక్కువ రాయొద్దని నా సలహా. చైనా, బర్మా, హిరోషిమాలకి రెండో నోట్‌బుక్ పెట్టుకోండి. ఒకే పేజీలో కుక్కితే దేనికీ న్యాయం జరగదు.

*1943.* ఫిబ్రవరి 2, స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్ల లొంగుబాటు. ఏప్రిల్ 19, వార్సా గెట్టో తిరుగుబాటు. ఆగస్టు 2న ట్రెబ్లింకాలో, అక్టోబర్ 14న సొబిబోర్‌లో ఖైదీల తిరుగుబాట్లు. "ఎవరూ ఎదురు తిరగలేదు" అనేవాళ్ళకి ఈ పేజీ చూపించండి.

*1944.* ఇప్పుడు ఆ అబ్బాయి ప్రశ్న దగ్గరికి వచ్చాం. మార్చి 19న జర్మనీ తన మిత్రదేశం హంగరీని ఆక్రమించింది. మే 15 నుంచి జూలై 9 వరకు, ఎనిమిది వారాల్లో, సుమారు 4 లక్షల 37 వేల మంది యూదుల్ని అక్కణ్ణుంచి పంపేశారు. దాదాపు అందరూ వెళ్ళింది ఆష్విట్జ్‌కే, ఎక్కువమందిని దిగిన రోజే చంపారు. ఎడమ వైపు చూడండి: జూన్ 6న మిత్రరాజ్యాలు నార్మండీలో దిగాయి. ఆ రోజూ హంగరీలో తరలింపు ఆగలేదు.

టైమ్ ఎక్కడిది? ఆ తరలింపుకి పట్టినవి సుమారు 147 రైళ్ళు. రోజుకి రెండు మూడు. రోజూ వేల రైళ్ళు నడిపే జర్మన్ రైల్వేకి అది భారమే కాదు. ఇళ్ళ నుంచి మనుషుల్ని పట్టి తెచ్చింది కూడా హంగరీ పోలీసులే. ఇంతమందిని చంపాలంటే యుద్ధం మొత్తం దానికోసం ఆగిపోవాలని మనం అనుకుంటాం. ఏదీ ఆగక్కర్లేకపోయింది.

*1945.* జనవరి 27న సోవియట్ సైన్యం ఆష్విట్జ్ చేరేసరికి మిగిలింది సుమారు 7 వేల మంది. అంతకుముందే దాదాపు 60 వేల మందిని మంచులో నడిపించుకుపోయారు. ఏప్రిల్ 15న బెర్గెన్-బెల్సెన్, ఏప్రిల్ 29న డాకౌ శిబిరాల విముక్తి, మే 8న జర్మనీ లొంగుబాటు.

4. పదాలు సరిచూసుకోండి

"నిర్బంధ శిబిరం" వేరు, "హత్యా శిబిరం" వేరు. డాకౌ మొదటి రకం. అక్కడ బానిస చాకిరీ, ఆకలి, హింసతో వేలమంది చనిపోయారు. ట్రెబ్లింకా రెండో రకం. వచ్చినవాళ్ళని రెండు మూడు గంటల్లో చంపడానికే దాన్ని కట్టారు, అందుకే అక్కడ ఉండడానికి బారక్‌లు కూడా పెద్దగా లేవు. ఆష్విట్జ్ రెండు పనులూ చేసింది. బతికి బయటపడ్డవాళ్ళు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి ఆ పేరు మనకి ఎక్కువ వినబడుతుంది.

మన పత్రికల్లో "మారణహోమం" అని రాస్తారు. నాకు ఆ మాట రాయడానికి చేయి రాదు. హోమం అంటే దేవుడికి ఇచ్చేది. విచిత్రమేమంటే "హోలోకాస్ట్" అనే గ్రీకు మాటకి కూడా పూర్తిగా దహనమైన బలి అనే అర్థం. అందుకే చాలామంది యూదులు "షోవా" అంటారు, హీబ్రూలో మహా విపత్తు అని. తెలుగులో రాసేటప్పుడు "యూదుల సామూహిక హత్య" అని నేరుగా రాయొచ్చు. "జెనోసైడ్" అనే మాటని పోలండ్ యూదు న్యాయవాది రాఫేల్ లెమ్కిన్ 1944లో వాడుకలోకి తెచ్చాడు. దానికి "జాతి నిర్మూలన" సరిపోతుంది. 1948 డిసెంబర్ 9న ఐక్యరాజ్యసమితి ఒప్పందంతో అది అంతర్జాతీయ నేరమైంది.

ఇంకొకటి. కోపిష్టి నాన్నని, స్ట్రిక్ట్ హెడ్‌మాస్టర్ని "హిట్లర్" అనడం మనకి అలవాటు. ఈ నోట్‌బుక్ పూర్తయ్యాక ఆ మాట మీ నోటికి అంత తేలిగ్గా రాదు.

5. అంకె రాస్తే పక్కన "ఎక్కడ, ఎలా" కూడా రాయండి

"60 లక్షల మందిని గ్యాస్ గదుల్లో చంపారు" అని నేనూ ఏళ్ళపాటు బోర్డు మీద రాశాను. తప్పు. చనిపోయిన యూదులు సుమారు 60 లక్షలు, నిజమే. వాళ్ళలో సుమారు 27 లక్షల మంది హత్యా శిబిరాల్లో, దాదాపు 20 లక్షల మంది ఊళ్ళ పక్క గోతుల దగ్గర కాల్పుల్లాంటి సామూహిక హత్యల్లో, 8 నుంచి 10 లక్షల మంది గెట్టోల్లో, ఇతర శిబిరాల్లో ఆకలి, రోగం, చాకిరీ, హింసతో పోయారు. మిగతావాళ్ళు విడి విడి దాడుల్లో, దారిలో, దాక్కున్న చోట.

ఈ అంకెలో కలపకుండా విడిగా రాయాల్సినవి: రోమా ప్రజలు (జిప్సీలని పిలిచేవారు) కనీసం 2 లక్షలు, అంచనాలు 5 లక్షల దాకా వెళ్తాయి. సోవియట్ యుద్ధ ఖైదీలు సుమారు 33 లక్షలు, ఎక్కువమంది కావాలని పెట్టిన పస్తులతో, చలితో.

అంకె మరీ కచ్చితంగా కనిపిస్తే ఎవరు లెక్కపెట్టారో అడగండి. బాబీ యార్ అంకెకి జవాబుంది. చాలా అంకెలకి ఉండదు, వాటి ముందు "సుమారు" పెట్టండి.

6. ఒక మనిషిని రెండు వరుసల మధ్య నడిపించండి

పెన్సిల్ తీసుకుని గీత మీదే రాయండి. ఉదాహరణకి, అజ్ఞాతంలో డైరీ రాసిన యూదు బాలిక ఆన్ ఫ్రాంక్. 1929 జూన్ 12, ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. నాజీలొచ్చాక కుటుంబం ఆమ్‌స్టర్‌డామ్ చేరింది. 1940 మేలో యుద్ధం అక్కడికీ వచ్చింది. 1942 జూలై 6న అజ్ఞాతంలోకి వెళ్ళారు. 1944 ఆగస్టు 4న దొరికిపోయారు. సెప్టెంబర్ 3న నెదర్లాండ్స్‌లోని వెస్టర్‌బోర్క్ శిబిరం నుంచి ఆష్విట్జ్‌కి బయల్దేరిన రైల్లో ఆమె ఉంది. అదే సెప్టెంబర్ 3న పక్క దేశంలో బ్రస్సెల్స్ నగరం విముక్తమైంది. రెండూ ఒకే గీత మీద రాసిన రోజు నేను చాలాసేపు నోట్‌బుక్ ముందు అలాగే కూర్చున్నాను.

ఆమె గ్యాస్ గదిలో చనిపోలేదు. 1945 మొదట్లో బెర్గెన్-బెల్సెన్‌లో టైఫస్ జ్వరంతో పోయింది. చాలా ప్రశ్నపత్రాల్లో ఇది తప్పుగా ఉంటుంది.

ఆమె కథ తెలిసిందే కదా అనిపిస్తే, జెరూసలేంలోని హోలోకాస్ట్ స్మారక కేంద్రం యాద్ వాషెం వాళ్ళ మృతుల పేర్ల డేటాబేస్‌లో ఒక ఊరి పేరు కొట్టి వెతకండి. దాదాపు 50 లక్షల పేర్లు ఉన్నాయి. జర్మనీలోని ఆరోల్సెన్ ఆర్కైవ్స్‌లో శిబిరాల అసలు కార్డులు ఉచితంగా చూడొచ్చు. ఇంగ్లిష్ ఇబ్బందైతే ఫోన్‌లో అనువాదం పెట్టుకోండి, కానీ ఊళ్ళ పేర్లని అనువాదం పాడుచేస్తుంది, అవి అసలు పేజీలోనే చూడండి.

7. వచ్చిన ఫార్వర్డ్‌ని ఈ నోట్‌బుక్‌తో పరీక్షించండి

"కొందరు యూదుల్ని కావాలనే వదిలేశాను, ఎందుకు చంపానో లోకానికి తెలియాలని" అని హిట్లర్ అన్నట్టు ఒక ఫార్వర్డ్ తిరుగుతూ ఉంటుంది. అలా అన్నాడనడానికి ఏ ప్రసంగమూ, ఏ పత్రమూ లేదు. మీ కుడి వరుస చూసినా తెలుస్తుంది, వదిలేయడం అనేది ఎక్కడా కనబడదు. 1944లో హంగరీ దాకా వెళ్ళి మరీ పట్టుకున్నారు.

"ఇదంతా గెలిచినవాళ్ళు రాసుకున్నది" అని ఎవరైనా అంటే ఈ మూడూ చెప్పండి. 1941 డిసెంబర్ 1న కార్ల్ యేగర్ అనే అధికారి, తన దళం లిథువేనియా ప్రాంతంలో చంపినవాళ్ళని తేదీలవారీగా, ఊళ్ళవారీగా రాసి పంపిన నివేదిక, మొత్తం 1,37,346. 1943 జనవరి 11న హెఫ్లే అనే జర్మన్ అధికారి పంపిన టెలిగ్రామ్, 1942 చివరికి నాలుగు శిబిరాలకి చేరినవాళ్ళు 12,74,166 అని జర్మన్లే జర్మన్లకి పంపిన లెక్క, బ్రిటిష్‌వాళ్ళు అప్పుడే పట్టుకున్నా 2000లో గానీ దాని అర్థం బయటపడలేదు. మూడోది చనిపోయినవాళ్ళది. వార్సా గెట్టోలో ఇమాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్ బృందం రోజువారీ బతుకుని రాసి, రేషన్ కార్డులు, పోస్టర్లు, పిల్లల వ్యాసాలు కూడా సేకరించి, రేకు పెట్టెల్లో, పాల క్యాన్లలో పెట్టి పాతిపెట్టింది. 1946లో కొన్ని, 1950లో కొన్ని తవ్వి తీశారు.

8. మీకు వచ్చిందో లేదో చూసుకోండి

నోట్‌బుక్ మూసి, ఇంట్లో ఎవరినైనా అడగమనండి.

1. వాన్సే సమావేశానికి ముందే హత్యలు మొదలయ్యాయని రెండు తేదీలతో చెప్పగలరా?
2. డాకౌకీ ట్రెబ్లింకాకీ తేడా ఏమిటి?
3. జర్మనీలో అంత తక్కువ యూదులుంటే 60 లక్షలు ఎలా అయ్యారు?
4. విశాఖ మీద బాంబులు పడ్డ రోజుకి బెల్జెక్‌లో ఏం జరుగుతోంది?
5. నార్మండీలో సైన్యం దిగిన రోజున హంగరీలో ఏం జరుగుతోంది?
6. యుద్ధం చేస్తూ వాళ్ళకి టైమ్ ఎక్కడిది?

మూడోది రాకపోతే మళ్ళీ మ్యాప్ తీయండి. ఒకటీ నాలుగూ ఐదూ తడబడితే మీరు ఒక వరుస పూర్తిచేసి ఇంకో వరుస నింపారన్నమాట. ఆ పేజీలు కొత్త కాగితం మీద జంటగా మళ్ళీ రాయండి. ఆరోదానికి రైళ్ళ సంఖ్య ఒక్కటే చెప్పి ఊరుకుంటే సగం జవాబే. మిగతా సగం కోసం 1941 పేజీ తెరిచి, సైన్యం కీవ్ చేరిన తేదీ నుంచి బాబీ యార్ తేదీ దాకా వేళ్ళ మీద లెక్కపెట్టండి.